బిల్ రేటు తెలియని బేరం

అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసే తెలుగు ఐటీ నిపుణుల సంఖ్య చిన్నది కాదు. జావా రాసేవారున్నారు, డేటా చూసేవారున్నారు, శాప్, సేల్స్‌ఫోర్స్ మీద ఏళ్లుగా ఉన్నవారున్నారు. పని ఏదైనా వారి సంపాదన లెక్క గంటల్లోనే. ఆ గంటకు క్లయింట్ కడుతున్నది ఎంత, తమ చేతికి వస్తున్నది ఎంత అన్న రెండు అంకెల్లో రెండోది అందరికీ తెలుసు. మొదటిది, అంటే బిల్ రేటు, చాలామందికి ప్రాజెక్టు మొదలై ముగిసేదాకా కూడా తెలియదు.

రేటు బేరం గురించి సలహాలకు కొదవలేదు. గట్టిగా అడగమంటారు, మొదటి అంకె మనం చెప్పకూడదంటారు, రెండో ఆఫర్ చేతిలో ఉందని చెప్పమంటారు. ఇవన్నీ కొంతవరకు పనికొస్తాయి. అయితే ఈ వ్యవహారాన్ని మొదటి నుంచి చివరిదాకా పరిశీలిస్తే రేటును తేల్చేవి రెండే విషయాలని కనిపిస్తుంది. బిల్ రేటు ఎవరికి తెలుసు అన్నది ఒకటి. కుదరకపోతే లేచి వెళ్లగలిగేది ఎవరు అన్నది రెండోది. మాటకారితనం వీటి తర్వాతే. చట్టం, చరిత్ర, పరిశోధన, రోజువారీ అనుభవం ఈ మాటను ఎంతవరకు నిలబెడతాయో చూద్దాం.

మధ్యవర్తి ఎలా వచ్చాడు

ప్రోగ్రామర్‌కూ కంపెనీకీ మధ్య ఏజెన్సీ తప్పనిసరి కావడం వెనక అమెరికా పన్నుల చట్టం ఉంది. 1978 నాటి రెవెన్యూ చట్టంలోని 530వ సెక్షన్, స్వతంత్ర కాంట్రాక్టర్లను పెట్టుకునే కంపెనీలకు పన్నుల శాఖ నుంచి కొంత రక్షణ ఇచ్చింది. 1986 పన్ను సంస్కరణల చట్టంలోని 1706వ సెక్షన్ ఆ రక్షణను ఇంజనీర్లు, ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ అనలిస్టుల విషయంలో తీసేసింది. అదీ ఏజెన్సీ, క్లయింట్, పనిచేసే మనిషి అనే ముగ్గురుండే ఏర్పాటులో. దాంతో ప్రోగ్రామర్‌ను విడి కాంట్రాక్టర్‌గా చూపించడానికి ఏజెన్సీలు భయపడ్డాయి. ఉద్యోగిగా డబ్ల్యూ-2 మీద చేరడం, లేదా సొంత కంపెనీ పెట్టుకుని కంపెనీకీ కంపెనీకీ మధ్య ఒప్పందంగా రావడం అనే రెండు దారులు మిగిలాయి. మనవాళ్లు రోజూ వాడే ‘సీ2సీ’ బలపడింది అక్కడే.

తర్వాతి మలుపు మైక్రోసాఫ్ట్ కేసు. కాంట్రాక్టర్లన్న పేరుతో ఏళ్ల తరబడి ఉద్యోగుల పని చేయించుకున్నారని 1992లో దాఖలైన విజ్‌కైనో వ్యాజ్యం 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. పెద్ద కంపెనీలు నేర్చుకున్న పాఠం ఒకటే. కాంట్రాక్టర్‌ను నేరుగా పెట్టుకోకూడదు, ఏజెన్సీ పేరోల్ మీదే ఉంచాలి, ఒకే చోట ఏళ్లకేళ్లు ఉంచకూడదు. మైక్రోసాఫ్టే 2014లో ఏజెన్సీ ఉద్యోగులకు 18 నెలల పరిమితి, ఆ తర్వాత ఆరు నెలల విరామం పెట్టింది.

ఇదే కాలంలో వీసాలు పెరిగాయి. 1990 చట్టం హెచ్‌-1బీ పరిమితిని ఏడాదికి 65 వేలుగా పెట్టింది. అది 1999, 2000 ఆర్థిక సంవత్సరాల్లో 1,15,000కు, 2001 నుంచి 2003 దాకా 1,95,000కు చేరి, మళ్లీ 65 వేలకు దిగింది. అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేలు తర్వాత కలిశాయి. వై2కే పనుల కాలంలో హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసి విమానమెక్కిన తరంలో కొందరు కొద్ది ఏళ్లకే సొంత కన్సల్టెన్సీలు తెరిచారు. అలా ఈ గొలుసులో రెండు కొసలా తెలుగువారే ఉన్నారు. రేటు అడిగేవారూ మనవారే, చాలా సందర్భాల్లో కోసేవారూ మనవారే.

ఒక గంట డబ్బు ఎన్ని చేతులు మారుతుంది

పెద్ద క్లయింట్లు కాంట్రాక్టర్లను తీసుకునేటప్పుడు ఆ వ్యవహారమంతా చూసే ఎంఎస్‌పీ అనే సంస్థ, దాని చేతిలో వీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఖాళీలు అందులో పడతాయి. క్లయింట్ గుర్తించిన ప్రైమ్ వెండర్లు మాత్రమే అభ్యర్థులను పంపగలరు. ప్రైమ్ దగ్గర మనిషి లేకపోతే ఇంకో వెండర్‌ను అడుగుతాడు. ఆ వెండర్ ప్రాజెక్టు కోసం ఎదురుచూసేవారి పేర్లుండే హాట్‌లిస్టుల్లో వెతుకుతాడు. చివరికి కన్సల్టెంట్ ఎంప్లాయర్ దగ్గరికి కబురు వస్తుంది. మధ్యలో చేరిన ప్రతి సంస్థనూ మనవాళ్లు ‘లేయర్’ అంటారు.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. క్లయింట్ గంటకు 95 డాలర్లు కడుతున్నాడు. ఎంఎస్‌పీ 3 డాలర్లు తీసుకుంటే 92 మిగిలింది. ప్రైమ్ 15 ఉంచుకుని 77 ఇచ్చాడు. మధ్య వెండర్ 5 తీసుకున్నాడు. ఎంప్లాయర్‌కు చేరింది 72. కన్సల్టెంట్‌తో ఎయిటీ-ట్వంటీ ఒప్పందం ఉంది కాబట్టి అతని వాటా 57 డాలర్ల 60 సెంట్లు. ఇక్కడితో ఆగితే బాగుండేది. చాలా పర్సెంటేజ్ ఒప్పందాల్లో ఎంప్లాయర్ కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం కూడా ఆ ఎనభై లోంచే పోతుంది. అది తీస్తే మూల వేతనం సుమారు 53 డాలర్ల 50 సెంట్లు. 95లో 56 శాతం. దీని మీద అతని సొంత పన్నులు, ఆరోగ్య బీమా వేరే.

ఇందులో చూడాల్సింది, కన్సల్టెంట్ బేరమాడేది చివరి మెట్టు మీద మాత్రమే. ఎయిటీ-ట్వంటీని ఎయిటీఫైవ్-ఫిఫ్టీన్ చేయించుకోవడానికి నెలల తరబడి ఎంప్లాయర్‌తో వాదిస్తాడు. అది గెలిస్తే వాటా 57.60 నుంచి 61.20కి పెరుగుతుంది, అంటే 3 డాలర్ల 60 సెంట్లు. మధ్య వెండర్ లేకుండా వచ్చి ఉంటే 77 మీద పాత ఎనభై శాతానికే 61.60 వచ్చేది. పర్సెంటేజీ కోసం పోరాడటం కంటే లేయర్ తగ్గించుకోవడం ఎక్కువ లాభం. ఆ సంగతి తెలియాలంటే పైన ఎంతమంది ఉన్నారో తెలియాలి.

పూర్తికాల ఉద్యోగంతో పోల్చుకునేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఏడాదికి 2,080 పని గంటలని లెక్కవేసి లక్షా 20 వేల జీతాన్ని గంటకు 57.69 అనుకుంటారు. కాంట్రాక్టర్‌కు సెలవు రోజు జీతం ఉండదు. పండుగ సెలవులు పది రోజులు, సొంత సెలవు రెండు వారాలు తీస్తే మిగిలేవి 1,920 గంటలు. అదే జీతం రావాలంటే గంటకు 62.50 కావాలి. బీమా, రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ వేసే వాటా, రెండు ప్రాజెక్టుల మధ్య ఖాళీ కాలం ఇంకా ఇందులో కలపలేదు.

ఏజెన్సీ చెప్పే లెక్క

మార్జిన్ అంతా లాభమే అనుకోవడం న్యాయం కాదు. పై ఉదాహరణలో క్లయింట్ వైపు నుంచి డబ్బు రావడానికి 60 రోజులు పడితే, ఆ రెండు నెలలూ ఎంప్లాయర్ జీతం తన జేబులోంచి ఇవ్వాలి. గంటకు 57.60 చొప్పున అది ఒక్కో కన్సల్టెంట్‌కు దాదాపు 20 వేల డాలర్లు. ఇరవై మంది ఉంటే నాలుగు లక్షలు. చిన్న కన్సల్టెన్సీలు ఇన్వాయిస్‌లను ఫ్యాక్టరింగ్ సంస్థలకు ఇచ్చి, వడ్డీ పోగొట్టుకుని ఈ డబ్బు తెస్తాయి. హెచ్‌-1బీ ఫీజులు, అటార్నీ ఖర్చు, కార్మికుల ప్రమాద బీమా, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవారి జీతం, హైదరాబాద్‌లో అమెరికా వేళలకు రాత్రిళ్లు పనిచేసే బెంచ్ సేల్స్ పిల్లల జీతాలు కూడా ఇందులోంచే రావాలి. క్లయింట్ దివాలా తీస్తే మొదట మునిగేది కూడా చిన్న వెండరే.

కాబట్టి నిజాయితీగా బెంచ్ జీతమిచ్చి, ఫీజులు తానే భరించి, గ్రీన్‌కార్డ్ దాఖలు చేసే ఎంప్లాయర్ ఇరవై శాతం ఉంచుకుంటే తప్పుపట్టలేం. కాగితం మీద చేయి మార్చడం తప్ప ఇంకేమీ చేయని మధ్య లేయర్‌కు, ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ గంటకు అయిదు డాలర్లు ఎందుకివ్వాలన్నదే అసలు ప్రశ్న. ఏడాదికి అది సుమారు పది వేల డాలర్లు.

పరిశోధకులు ఏం చూశారు

ఈ విషయం మీద చెప్పుకోదగ్గ అధ్యయనాలున్నాయి. స్టీఫెన్ బార్లీ, గిడియన్ కుండా 2004లో వెలువరించిన పుస్తకం సాంకేతిక కాంట్రాక్టర్లను, ఏజెన్సీలను, క్లయింట్లను ముగ్గురినీ దగ్గరగా చూసింది. ఏజెన్సీ మనిషిని ఒక్కసారి కుదిర్చి ప్రతి గంట మీదా వాటా తీసుకోవడం కాంట్రాక్టర్లకు ఎంత మంటగా ఉంటుందో అందులో కనిపిస్తుంది. మనిషిని వెతికి, వడపోసి, పేరోల్ నడిపే పని ఎవరో ఒకరు చేయాల్సిందేనన్న సంగతీ కనిపిస్తుంది.

ఇసబెల్ ఫెర్నాండెజ్-మతేయో 2007లో ‘అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ’లో ప్రచురించిన వ్యాసం మన ప్రశ్నకు ఇంకా దగ్గర. ఒక స్టాఫింగ్ సంస్థ లెక్కలు పరిశీలించి, పాత క్లయింట్లకు ఏజెన్సీ ఇచ్చే తగ్గింపు భారం చివరికి పనిచేసేవారి రేటు మీదే పడుతోందని ఆమె చూపించారు. ‘క్లయింట్ బడ్జెట్ తగ్గింది, మీ రేటు తగ్గించాలి’ అన్న మాట విన్నప్పుడు కాంట్రాక్టర్ అడగాల్సిన ప్రశ్న ఇందులోనే ఉంది: మీ మార్జిన్ కూడా తగ్గించుకుంటున్నారా?

తెలుగువారి గురించే రాసిన పుస్తకం షియాంగ్ బియావ్ ‘గ్లోబల్ బాడీ షాపింగ్’. ప్రిన్స్‌టన్ ప్రచురణ, 2007. హైదరాబాద్‌లోనూ ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తిరిగి, కోస్తా జిల్లాల కట్నం డబ్బు ఐటీ చదువులకూ వీసాలకూ ఎలా మళ్లిందో, మార్కెట్ పడిపోయినప్పుడు నష్టం కంపెనీల మీద పడకుండా బెంచ్ మీద కూర్చున్న కుర్రవాడి మీద ఎలా పడిందో ఆయన వివరించారు. లేచి వెళ్లలేనివాడి మీదకే నష్టం జారుతుందన్నది ఆ పుస్తకం నుంచి తీసుకోవాల్సిన పాఠం.

అందరి బేరం ఒకటి కాదు

సిటిజన్, గ్రీన్‌కార్డ్ ఉన్నవారు ప్రైమ్ దగ్గర నేరుగా డబ్ల్యూ-2 మీద చేరగలరు, సొంత కంపెనీ ద్వారా సీ2సీ చేయగలరు. ఎంప్లాయర్ అనే మెట్టే వారికి అక్కర్లేదు. హెచ్‌-1బీ మీద ఉన్నవారికి పిటిషన్ వేసిన ఎంప్లాయర్ తప్పనిసరి. ఓపీటీ, అంటే చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి మీద ఉన్న విద్యార్థి పరిస్థితి మరీ ఇరుకు. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదు, స్టెమ్ పొడిగింపు వచ్చాక మొత్తం మీద 150 రోజులు. ఆ గడియారం తిరుగుతుంటే ఎంత పర్సెంటేజీకైనా తలూపేస్తారు.

హెచ్‌-1బీ వారి చేతిలో ఏమీ లేదనుకోవడం మాత్రం పొరపాటు. 2000 నాటి చట్టం ప్రకారం కొత్త ఎంప్లాయర్ పిటిషన్ దాఖలు చేసిన వెంటనే అక్కడ పనిలో చేరవచ్చు. ఉద్యోగం పోతే 2017 జనవరి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువుంది. హెచ్‌-1బీ పిటిషన్ కోసం ఎంప్లాయర్ కార్మిక శాఖకు ఇచ్చే ఎల్‌సీఏ పత్రంలో రాసిన జీతం ప్రాజెక్టు ఉన్నా లేకున్నా ఇవ్వాలి. బెంచ్ మీద జీతం ఆపడాన్ని 1998 చట్టమే నిషేధించింది. ‘క్లయింట్ డబ్బులు రాలేదు’ అన్న మాట హెచ్‌-1బీ ఉద్యోగి జీతం ఆపడానికి కారణం కాదు. శిక్షణ నిధి కోసం ఎంప్లాయర్ కట్టే 750 లేదా 1,500 డాలర్ల ఫీజును ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ వసూలు చేయకూడదు. అటార్నీ ఫీజు వంటివి కోసినందువల్ల జీతం చట్టం చెప్పిన స్థాయికి తగ్గకూడదు. పర్సెంటేజ్ ఒప్పందం ఏమి చెప్పినా ఈ నేలమట్టం కింద దిగడానికి వీల్లేదు. ఉల్లంఘన జరిగితే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి 12 నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు.

వీటన్నిటి బలమూ ఒక్క చోట ఆవిరైపోతుంది. రెజ్యూమేలో లేని అనుభవం రాయించుకున్నవారికి, ఇంటర్వ్యూలో మరొకరి సాయం తీసుకున్నవారికి బేరమాడే నోరు ఉండదు. ఆ రహస్యం తెలిసిన కన్సల్టెన్సీ ముందు వారు ఎప్పటికీ తలెత్తలేరు. నిజమైన రెండేళ్ల అనుభవంతో తక్కువ రేటుకు మొదలుపెట్టినవాడు మూడో ప్రాజెక్టుకు స్వేచ్ఛగా మాట్లాడతాడు. అబద్ధపు ఎనిమిదేళ్లతో మొదలుపెట్టినవాడు ప్రతి ప్రాజెక్టుకూ అదే కన్సల్టెన్సీ గుమ్మంలో నిలబడాలి. కొత్తగా వచ్చే పిల్లలకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

బిల్ రేటు గోడ మీద రాసి ఉండదు, అయినా దాని చుట్టుపక్కల అంకెలు దొరుకుతాయి. అమెరికా కార్మిక శాఖ ఎల్‌సీఏ వివరాలను మూడు నెలలకోసారి ప్రజలందరికీ విడుదల చేస్తుంది. ఎంప్లాయర్ పేరు, ఉద్యోగం, పనిచేసే ఊరు, జీతం అందులో ఉంటాయి. 2018 చివరి నుంచి వాడుతున్న ఫారంలో ఉద్యోగిని మరో సంస్థ దగ్గర పెడుతుంటే ఆ సంస్థ పేరు కూడా రాయాలి. అంటే ఫలానా క్లయింట్ దగ్గర ఫలానా ప్రైమ్ తన హెచ్‌-1బీ ఉద్యోగులకు ఎంత చూపిస్తోందో ఒక సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది. ఎల్‌సీఏ నకలు పనిలో చేరే రోజుకల్లా ఉద్యోగి చేతికి రావాలి. రాకపోతే అడగాలి.

ఉద్యోగ ప్రకటనలో జీతం పరిధి చెప్పాలన్న చట్టాలు కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో 2023 నుంచి అమల్లో ఉన్నాయి. అదే క్లయింట్, అదే పని ఆ రాష్ట్రాల్లో ఎంతకు ప్రకటిస్తున్నారో చూస్తే ఒక అంచనా వస్తుంది. ఒకే ఖాళీ గురించి ముగ్గురు వెండర్లు ఫోన్ చేసినప్పుడు ముగ్గురూ చెప్పే రేట్లు రాసిపెట్టుకుంటే ఎవరు క్లయింట్‌కు దగ్గరో తెలిసిపోతుంది.

అన్నిటికంటే మంచి ఆధారం పక్క సీట్లో ఉంటుంది. తోటివారితో జీతం గురించి మాట్లాడుకునే హక్కును 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఉద్యోగులకు ఇచ్చింది. రేటు ఎవరికీ చెప్పకూడదని కన్సల్టెన్సీ బెదిరిస్తే ఆ బెదిరింపు చట్టం ముందు నిలవడం కష్టం. మనవాళ్లు ఇళ్ల ధరలు, స్కూళ్ల రేటింగులు, వీసా తేదీలు గంటలకొద్దీ చెప్పుకుంటారు. రేటు దగ్గరికి వచ్చేసరికి నోరు కట్టేసుకుంటారు. ఆ మౌనం వల్ల లాభపడేది మధ్యవర్తి ఒక్కడే.

ఆర్‌టీఆర్ అనే గుమ్మం

రేటు తేలిపోయే క్షణం ఇంటర్వ్యూ తర్వాత వస్తుందని కొత్తవారు అనుకుంటారు. అది చాలా ముందే వస్తుంది. ప్రొఫైల్‌ను క్లయింట్‌కు పంపే ముందు వెండర్ రైట్ టు రిప్రజెంట్, అంటే ఆర్‌టీఆర్ మెయిల్ అడుగుతాడు. ‘ఈ పొజిషన్‌కు నా ప్రొఫైల్ మీ ద్వారా మాత్రమే పంపడానికి ఒప్పుకుంటున్నాను, రేటు ఇంత, ఆల్ ఇన్‌క్లూజివ్’ అని రెండు వాక్యాలు. రెండు వెండర్ల నుంచి ఒకే పేరు వెళ్తే క్లయింట్ తిరస్కరించే ప్రమాదం ఉంది కాబట్టి ఈ కాగితం అవసరమే. అయితే అందులో రాసిన అంకె పైకి ప్రతి మెట్టు మీదా గట్టిపడిపోతుంది. సెలెక్ట్ అయ్యాక ‘ఇంకో నాలుగు డాలర్లు’ అంటే ఆర్‌టీఆర్ చూపిస్తారు.

ఆ ఫోన్ సాధారణంగా హైదరాబాద్ నుంచి వస్తుంది. కంగారు పెట్టడం అవతలి వైపు వాడే మొదటి పనిముట్టు. అవగాహన ఉన్న కన్సల్టెంట్ ఇలా మాట్లాడతాడు:

“ఆర్‌టీఆర్ పంపించండన్నా, ఇంకో గంటలో సబ్మిషన్ క్లోజ్ అయిపోతుంది.”

“రేటు ఎంత రాస్తున్నారు తమ్ముడూ?”

“డెబ్బై రెండన్నా. క్లయింట్ బడ్జెట్ అంతే.”

“మీరు ప్రైమా, మధ్యలో ఇంకెవరైనా ఉన్నారా?”

“ప్రైమ్‌తో మాకు డైరెక్ట్‌గా ఉందన్నా.”

“సరే, ప్రైమ్ పేరు, పేమెంట్ ఎన్ని రోజులకో మెయిల్‌లో రాయండి. డెబ్బై ఆరైతే ఇప్పుడే కన్ఫర్మ్ చేస్తాను. అంతకు తగ్గితే నెట్ థర్టీ అయినా ఇప్పించాలి.”

ఇందులో గొంతు పెంచడం లేదు, అబద్ధమూ లేదు. అడిగిన ప్రతిదీ రాతలో అడిగాడు. రేటు కుదరకపోతే బదులుగా ఏం కావాలో చెప్పాడు: నెట్ థర్టీ, అంటే ముప్పై రోజుల్లో చెల్లింపు. 72 బదులు 76 కుదిరితే ఎయిటీ-ట్వంటీ మీద గంటకు 3 డాలర్ల 20 సెంట్లు ఎక్కువ. 1,920 గంటలకు 6,144 డాలర్లు. ఫోన్ చేసిన కుర్రవాడి మీద కోపగించుకోవాల్సిన పనీ లేదు. అతనూ టార్గెట్ల కింద నలిగే తెలుగు కుర్రవాడే.

రెండో అవకాశం ఎక్స్‌టెన్షన్ దగ్గర వస్తుంది. మొదటి ఆరు నెలలు గడిచేసరికి క్లయింట్ మేనేజర్‌కు మీ విలువ తెలుసు. కొత్త మనిషిని తెచ్చి నేర్పించడం అతనికి ఖర్చు, మీరు వెళ్లిపోతే వెండర్‌కు ఆదాయమే పోతుంది. ఒప్పందం ముగియడానికి నెలా పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా పెంపు అడగడం మంచిది. చివరి వారంలో అడిగితే బెదిరింపులా వినిపిస్తుంది, సంతకం పెట్టాక అడిగితే ఎవరూ వినరు.

రేటు కాని షరతులు

గంటకు రెండు డాలర్లు గెలిచి ఒప్పందంలో అంతకు పదింతలు పోగొట్టుకున్నవారున్నారు. చదవాల్సినవి నాలుగు.

మొదటిది డబ్బు వచ్చే గడువు. నెట్ 60, దానికి తోడు ‘క్లయింట్ చెల్లించాకే మేమిస్తాం’ అనే నిబంధన ఉంటే సొంత కంపెనీ మీద సీ2సీ చేసేవారు ఆరు నెలల బిల్లు పోగొట్టుకునే ప్రమాదముంది. విడిగా పనిచేసే ఫ్రీలాన్సర్లకు 30 రోజుల్లో చెల్లించాలన్న చట్టం న్యూయార్క్ నగరంలో 2017లో, రాష్ట్రమంతటా 2024 ఆగస్టులో వచ్చింది. ఇల్లినాయిస్, కాలిఫోర్నియా కూడా అలాంటి చట్టాలు తెచ్చాయి.

రెండోది ఓవర్‌టైమ్. ఫెడరల్ చట్టం గంటకు 27 డాలర్ల 63 సెంట్లకు పైన ఉన్న కంప్యూటర్ నిపుణులకు ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు ఇస్తుంది. కాలిఫోర్నియాలో ఆ గీత చాలా పైన ఉంది. 2025లో గంటకు 56 డాలర్ల 97 సెంట్లు, ఏటా మారుతుంది. మన ఉదాహరణలోని 53.50 వేతనం ఆ గీతకు కిందే ఉంది. ఆ కన్సల్టెంట్ కాలిఫోర్నియాలో ఉంటే రోజుకు ఎనిమిది గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు అడగడం అతని హక్కు.

మూడోది నాన్-కాంపీట్, అంటే మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు. దేశమంతటా దీన్ని నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 2024లో తెచ్చిన నిబంధనను టెక్సస్ ఫెడరల్ కోర్టు ఆ ఏడాది ఆగస్టులో కొట్టేసింది. కాబట్టి రాష్ట్రాన్ని బట్టే చెల్లుబాటు. కాలిఫోర్నియాలో ఇలాంటి షరతు చెల్లదు. మిన్నెసోటాలో 2023 జులై నుంచి రాసుకున్నవి చెల్లవు. టెక్సస్, న్యూజెర్సీల్లో సంతకం పెట్టేముందు లాయర్‌కు చూపించాలి.

నాలుగోది ముందే మానేస్తే కట్టాల్సిన డబ్బు. హెచ్‌-1బీ ఉద్యోగి మీద జరిమానా నిషిద్ధం. నిజంగా జరిగే నష్టానికి సరిపోయే పరిహారం మాత్రం రాష్ట్ర చట్టాన్ని బట్టి చెల్లవచ్చు. పాతిక వేల డాలర్లని చూసి భయపడి ఏళ్ల తరబడి తక్కువ రేటుకు ఉండిపోవడం కంటే, ఆ అంకె దేనికని రాతలో అడగడం మేలు.

బ్రిటన్, హైదరాబాద్

ఇదే పనిని బ్రిటన్ మరోలా నడిపిస్తోంది. అక్కడి 2003 నాటి ఏజెన్సీ నియమావళి ప్రకారం క్లయింట్ డబ్బివ్వలేదని చెప్పి ఏజెన్సీ కాంట్రాక్టర్ డబ్బు ఆపకూడదు. 2020 ఏప్రిల్ నుంచి, జీతంలోంచి ఏమేమి కోతలు పడతాయో చూపించే కీలక సమాచార పత్రాన్ని ఒప్పందానికి ముందే ఇవ్వాలి. లిమిటెడ్ కంపెనీ ద్వారా పనిచేసేవారు ఈ రక్షణల నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టవచ్చు. ఏజెన్సీ ఆ కాగితం ముందుకు తోస్తే తెలియక సంతకం పెట్టేవారూ ఉన్నారు. సొంత కంపెనీ ద్వారా పనిచేసేవారిని పన్ను కోసం ఉద్యోగిగా లెక్కవేయాలా అని తేల్చేవి ఐఆర్35 నిబంధనలు. ఆ తేల్చే బాధ్యత 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద క్లయింట్ల మీదకు మారినప్పటి నుంచి, ఆ నిబంధనల లోపలా బయటా అన్నది తేలకుండా చెప్పిన రోజువారీ రేటుకు అర్థమే లేదు.

హైదరాబాద్‌లో కాంట్రాక్టు స్టాఫింగ్ వేగంగా పెరిగింది. ఇక్కడ గంట రేటు స్థానంలో నెల సీటీసీ ఉంటుంది. కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా సీటీసీలో కలిపి చెప్పడం మామూలే కాబట్టి చేతికొచ్చేది ఎంతో విడిగా అడగాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఏడాదికి మించిన కాంట్రాక్టు మీద ఉన్నవారు ఈ మాట స్టాఫింగ్ కంపెనీని తప్పక అడగాలి. విడిగా ఇన్వాయిస్ మీద పనిచేసేవారైతే మినహాయింపు పరిమితి దాటాక 18 శాతం జీఎస్టీ రేటులో కలిసి ఉందా, పైన వస్తుందా అన్నది మొదటి మెయిల్‌లోనే తేల్చుకోవాలి.

తేలిందేమిటి

మూడు దేశాల అనుభవం పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టం. కోతలు కాగితం మీద చూపించాలని చట్టమే చెప్పిన చోట కాంట్రాక్టర్‌కు బేరమాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. అది లేని చోట ఎంత చాకచక్యం ఉన్నా చివరి మెట్టు మీద చిల్లర కోసం వాదనే మిగులుతుంది. మార్కెట్ యార్డులో మిర్చి అమ్మిన రైతుకు కమీషన్ ఎంత, హమాలీ ఎంత అని పట్టీ రాసిస్తారు. పీజీ చదివి పరాయి దేశంలో పనిచేసే మనిషికి ఆ మాత్రం పట్టీ కూడా దక్కకపోవడం అన్యాయం.

కన్సల్టెన్సీ నడిపే తెలుగువారికి ఒక విన్నపం. మీలో చాలామంది ఒకప్పుడు ఇదే బెంచ్ మీద కూర్చున్నవారు. వెండర్ నుంచి మీకు వచ్చే రేటును రాతలో చూపించి, మీ ఖర్చులు చెప్పి, మీ వాటా తీసుకోండి. చూపించిన మార్జిన్ మీద నమ్మకం నిలుస్తుంది, దాచిన మార్జిన్ మొదటి మంచి ఆఫర్‌కే మనిషిని పోగొడుతుంది. తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాల సభల్లో ఇమ్మిగ్రేషన్ సదస్సులు జరుగుతున్నాయి. వాటి పక్కనే కాంట్రాక్టు కాగితాలు చదివి చెప్పే లాయర్‌తో ఒక గంట పెడితే కొత్తగా వచ్చే పిల్లలకు అంతకంటే పెద్ద సాయం ఉండదు.

కాంట్రాక్టర్లకు చెప్పాల్సింది తక్కువే. ఆర్‌టీఆర్ పంపే ముందు మూడు ప్రశ్నలు రాతలో అడగండి: బిల్ రేటు ఎంత, మధ్యలో ఎంతమంది, డబ్బు ఎన్ని రోజులకు. జవాబు రాకపోయినా అడిగిన సంగతి అవతలివారికి గుర్తుంటుంది. రెండు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకోండి, కాదనగలిగే శక్తి అక్కడి నుంచే వస్తుంది. మీ రేటు మీ తర్వాత వచ్చినవారికి చెప్పండి.